సామర్థ్యం చిప్పుది, హద్దు బోర్డుది



ఉద్యోగంలో తొలి స్వతంత్ర బాధ్యతగా వోల్టేజి, కరెంటు రెగ్యులేటర్లను నడిపే లైనక్స్ కెర్నెల్ డ్రైవర్‌ను మేనకోడలికి అప్పగించారని తెలిసిన మీదట, ఆ పనిలో ముందుగా తెలిసి ఉండదగిన విషయాలను ఒక వరుసలో పెట్టి అందించడం ఈ లేఖ ఉద్దేశం. కెర్నెల్ అంటే హార్డ్‌వేర్‌కూ ప్రోగ్రాములకూ మధ్య నిలిచే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం. డ్రైవర్ అంటే ఒక నిర్దిష్టమైన చిప్పుతో ఎలా మాట్లాడాలో కెర్నెల్‌కు తెలిపే కోడు. తెరను నడిపే డ్రైవర్‌లో తప్పు దొర్లితే బొమ్మ చెదురుతుంది, ఆడియో డ్రైవర్‌లో దొర్లితే పాట ఆగుతుంది, రీబూట్ చేస్తే రెండూ సర్దుకుంటాయి. రెగ్యులేటర్ డ్రైవర్‌లో దొర్లిన తప్పు మాత్రం ప్రాసెసర్‌నే కాల్చివేయగలదు, కాలిన ప్రాసెసర్‌ను ఏ రీబూటూ బాగుచేయలేదు. ఇంతటి పనికి ఆధారమైన సూత్రం ఒక్కటే: చిప్పుకు ఏమేమి చేతనవునో ఉన్నదున్నట్టు కెర్నెల్‌కు చెప్పడం డ్రైవర్ రచయిత పని, అందులో ఎంతవరకు వాడుకోవచ్చో నిర్ణయించడం బోర్డును రూపొందించినవారి పని. ఈ రెంటినీ విడదీసి ఉంచిన డ్రైవర్ ఏళ్ల తరబడి నిలుస్తుంది. కలిపేసిన డ్రైవర్ అదే చిప్పుతో రెండో బోర్డు రాగానే చిక్కుల్లో పడుతుంది.

లోపలికి వచ్చే విద్యుత్తులో హెచ్చుతగ్గులు ఎలా ఉన్నా, బయటికి ఇచ్చే వోల్టేజినో కరెంటునో నిర్ణీతమైన విలువ దగ్గర నిలిపి ఉంచే సర్క్యూట్‌ను రెగ్యులేటర్ అంటారు. వోల్టేజి రెగ్యులేటర్లలో రెండు రకాలు ముఖ్యం. ఎల్‌డీవో అని పిలిచే లీనియర్ రెగ్యులేటర్ మిగులు వోల్టేజిని వేడిగా ఖర్చుచేస్తుంది, 3.3 వోల్టుల నుంచి 1.8 వోల్టులు ఇచ్చే ఎల్‌డీవో దక్షత ఎంత మంచి చిప్పులోనైనా 55 శాతం దాటదు, దాని నుంచి 200 మిల్లీయాంపియర్లు లాగినప్పుడు 0.3 వాట్లు వేడిగా పోతాయి. బక్ కన్వర్టర్ అనే స్విచింగ్ రెగ్యులేటర్ ఒక ఇండక్టర్‌ను వేగంగా కలుపుతూ తెంచుతూ పనిచేస్తుంది కనుక నష్టం చాలా తక్కువే గాని, దాని ఔట్‌పుట్‌లో సన్నని అలలు ఉంటాయి. అందుచేత ప్రాసెసర్, మెమరీ వంటి భారీ లోడ్లకు బక్‌లనూ, ఆడియో, రేడియో వంటి సున్నితమైన భాగాలకు ఎల్‌డీవోలనూ వాడతారు. చాలా బోర్డుల్లో ఎల్‌డీవోకు సరఫరా కూడా ఒక బక్ నుంచే వస్తుంది. వోల్టేజిని స్థిరంగా ఉంచడంతో ఆగక ఎప్పటికప్పుడు మార్చవలసి రావడానికి కారణం పవర్ లెక్కలో ఉంది: డిజిటల్ సర్క్యూట్ స్విచింగ్‌లో ఖర్చయ్యే పవర్ వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 1.1 వోల్టుల నుంచి 1.325 వోల్టులకు పోతే, వేగం మారకపోయినా సరే, ఆ ఖర్చు సుమారు 45 శాతం ఎక్కువవుతుంది.

లైనక్స్‌లో ఈ వ్యవహారమంతా రెగ్యులేటర్ ఫ్రేమ్‌వర్క్ ద్వారా నడుస్తుంది. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోకు చెందిన వుల్ఫ్‌సన్ మైక్రోఎలక్ట్రానిక్స్ చిప్పుల అవసరాల మీద పనిచేస్తూ లియామ్ గిర్డ్‌వుడ్, మార్క్ బ్రౌన్ దీనిని రూపొందించగా, 2008లో విడుదలైన 2.6.27 కెర్నెల్‌లో ఇది చేరింది. ఈ ఫ్రేమ్‌వర్క్‌లో నాలుగు పక్షాలు ఉన్నాయి. విద్యుత్తు వాడుకునే పరికరం డ్రైవర్‌ను కన్స్యూమర్ అంటారు. రెగ్యులేటర్ చిప్పును నడిపేది రెగ్యులేటర్ డ్రైవర్. ఏ ఔట్‌పుట్ ఏ పరికరానికి పోతుందో, ఎక్కడి నుంచి ఎక్కడి వరకు మార్చవచ్చో చెప్పేది బోర్డు వర్ణన. పరిస్థితిని చదివి చూసుకోవడానికి యూజర్ ప్రోగ్రాములకు ఇచ్చిన కిటికీ నాలుగోది. ఈ నాలుగో పక్షానికి సాధారణంగా చదవడానికే తప్ప మార్చడానికి వీలివ్వకపోవడంలోనే ఫ్రేమ్‌వర్క్ జాగ్రత్త తెలుస్తుంది. బోర్డు వర్ణనలో హద్దులు చెప్పని ఔట్‌పుట్ వోల్టేజిని మార్చమని ఏ కన్స్యూమర్ అడిగినా ఫ్రేమ్‌వర్క్ నిరాకరిస్తుంది. అనుమతి అనేది స్పష్టంగా ఇస్తేనే ఉంటుంది, ఇవ్వకపోతే లేదు.

సూత్రాన్ని ఒక నిజమైన చిప్పు మీద పెట్టి చూడడం మేలు. బీగుల్‌బోన్ బ్లాక్ అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తయారుచేసిన టీపీఎస్65217 అనే పీఎంఐసీ ఉంటుంది. పీఎంఐసీ అంటే పలు రెగ్యులేటర్లనూ వాటి సహాయక సర్క్యూట్లనూ ఒకే చిప్పులో కూర్చిన విద్యుత్ నిర్వహణ చిప్పు. దీనిలో మూడు బక్‌లు, నాలుగు ఎల్‌డీవోలు ఉన్నాయి. ఐటూసీ అనే రెండు తీగల బస్సు మీద ప్రాసెసర్ దీనితో మాట్లాడుతుంది. ఒక్కొక్క బక్ వోల్టేజిని ఎంచుకోవడానికి రిజిస్టర్‌లో 6 బిట్ల గడి ఉంటుంది. ఆ గడిలో రాసే 0 నుంచి 63 వరకు గల సంఖ్యను సెలెక్టర్ అంటారు. 0 నుంచి 24 వరకు సెలెక్టర్లు 0.9 వోల్టులతో మొదలై 25 మిల్లీవోల్టుల మెట్లలో 1.5 వోల్టుల వరకు పోతాయి. 25 నుంచి 52 వరకు 50 మిల్లీవోల్టుల మెట్లు 1.55 నుంచి 2.9 వోల్టుల వరకు. 53 నుంచి 55 వరకు 100 మిల్లీవోల్టుల మెట్లు 3.0 నుంచి 3.2 వోల్టుల వరకు. ఆ పైన మిగిలిన ఎనిమిది సెలెక్టర్లకూ ఒకే విలువ, 3.3 వోల్టులు. డ్రైవర్ ఈ నాలుగు శ్రేణులనూ దాచకుండా, కుదించకుండా, ఉన్నవి ఉన్నట్టే చెబుతుంది.

ఇక బోర్డు సంగతి. రెండో బక్ ప్రాసెసర్ కోర్‌కు సరఫరా ఇస్తుంది. ఆ కోర్ 1 గిగాహెర్ట్జ్ వేగంతో నడవడానికి 1.325 వోల్టులు కావాలి. అందుచేత బోర్డు వర్ణన ఆ బక్‌కు 925000 నుంచి 1351500 మైక్రోవోల్టుల వరకే అనుమతి ఇస్తుంది. అంటే చిప్పుకు చేతనైన 64 సెలెక్టర్లలో 1 నుంచి 18 వరకు గలవి మాత్రమే ఈ బోర్డు మీద చెల్లుతాయి. హద్దు విలువ ఎంతటిదో ఒక్క లెక్కతో తేలుతుంది: 1.325 వోల్టుల సెలెక్టర్ 17. కోడులోని పొరపాటు వల్ల ఆ సంఖ్యలోని అన్నిటికంటే పెద్ద బిట్ ఒక్కటి తారుమారైతే అది 49 అవుతుంది, ఆ సెలెక్టర్‌కు ప్రాసెసర్ మీద పడేది 2.75 వోల్టులు. డ్రైవర్ రచయితకు ఇక్కడ ఒక ప్రలోభం ఎదురవుతుంది: ప్రమాదకరమైన పై శ్రేణులను డ్రైవర్‌లోనే కత్తిరిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అలా కత్తిరిస్తే, అదే పీఎంఐసీలోని అదే బక్‌తో 3.3 వోల్టుల సరఫరా తయారుచేసుకునే మరో బోర్డుకు ఆ డ్రైవర్ పనికిరాదు. రక్షణ కావలసినదే గాని, అది ఉండవలసిన చోటు బోర్డు వర్ణన.

కన్స్యూమర్ ఒక్క వోల్టేజిని కాక ఒక పరిధిని అడగడం కూడా ఈ విభజన ఫలితమే. ఆ ప్రాసెసర్ 800 మెగాహెర్ట్జ్ దగ్గర కోరే వోల్టేజి 1.26, టీపీఎస్65217 మెట్లలో ఆ విలువ లేనే లేదు, 1.25 తరువాత 1.275 వస్తుంది. కచ్చితంగా 1.26 కావాలని అడిగితే ఫ్రేమ్‌వర్క్ కుదరదంటుంది, 1.26 నుంచి 1.2852 వరకు ఏదైనా సరేనంటే, అందులో ఇమిడే అతి తక్కువ మెట్టు అయిన 1.275ను ఎంచుకుంటుంది. ప్రాసెసర్ వేగాన్ని పెంచేటప్పుడు ముందు వోల్టేజిని పెంచి ఆ తరువాత క్లాక్‌ను పెంచాలి, తగ్గించేటప్పుడు ముందు క్లాక్‌ను తగ్గించి ఆ తరువాతే వోల్టేజిని దించాలి. ఈ క్రమాన్ని పాటించే బాధ్యత కన్స్యూమర్‌ది, అడిగిన వోల్టేజి నిజంగా వచ్చిందని చెప్పే బాధ్యత రెగ్యులేటర్ డ్రైవర్‌ది.

డ్రైవర్‌లో అధిక భాగం కోడు కాక వర్ణనగా ఉండడం మంచి లక్షణం. ప్రతి ఔట్‌పుట్‌కూ ఒక వివరణ పట్టిక ఉంటుంది. పేరు, రకం, సెలెక్టర్ల సంఖ్య, వోల్టేజి శ్రేణులు, ఏ రిజిస్టర్‌లో ఏ బిట్లు వోల్టేజిని నిర్ణయిస్తాయి, ఏ బిట్ ఔట్‌పుట్‌ను వెలిగిస్తుంది అన్న వివరాలు అందులో చేరతాయి. మెట్లు సమానంగా ఉంటే శ్రేణులుగా, ఒక క్రమం లేకుండా ఉంటే పట్టికగా ఇవ్వాలి. టీపీఎస్65217లోని మొదటి ఎల్‌డీవోకు 1.0 నుంచి 3.3 వోల్టుల మధ్య ఎగుడుదిగుడు మెట్లతో 16 విలువలే ఉన్నాయి కనుక దానికి పట్టికే తగినది. ఈ వర్ణన సరిగా ఇస్తే, చదవడం, రాయడం, వెలిగించడం, ఆర్పడం అనే పనులకు ఫ్రేమ్‌వర్క్‌లో ఉన్న సిద్ధ ఫంక్షన్లు రెగ్‌మ్యాప్ ద్వారా పని పూర్తిచేస్తాయి. 2011లో కెర్నెల్‌లో చేరిన రెగ్‌మ్యాప్, ఐటూసీ అయినా ఎస్‌పీఐ అయినా రిజిస్టర్లను ఒకే తీరున చేరుకోవడానికి, చదివిన విలువలను దాచిపెట్టుకోవడానికి ఉపకరించే పొర. చిప్పు తనంతట తాను మార్చే స్టేటస్ రిజిస్టర్లను దాచిపెట్టకూడదని రెగ్‌మ్యాప్‌కు విడిగా చెప్పాలి. ఆ మాట మరచిన డ్రైవర్ ఎప్పుడో చదివిన పాత సమాచారాన్నే ఇప్పటి నిజంగా చెబుతూ పోతుంది.

సిద్ధ ఫంక్షన్లు చాలని చోట మాత్రమే సొంత కోడు రాయాలి, అది ఎందుకు అవసరమైందో పక్కనే వ్యాఖ్యగా చెప్పాలి. టీపీఎస్65217 ఇందుకు కూడా ఉదాహరణే. దారితప్పిన రాతలు వోల్టేజిని మార్చకుండా ఉండడానికి ఆ చిప్పు వోల్టేజి రిజిస్టర్ల ముందు తాళం పెట్టింది: రిజిస్టర్ చిరునామాను 0x7డీ అనే సంఖ్యతో ఎక్స్‌ఓఆర్ చేసి పాస్‌వర్డ్ రిజిస్టర్‌లో రాసిన తరువాత అసలు విలువ రాయాలి, ఈ జంట రాతను రెండుసార్లు చేయాలి. బక్‌ల విషయంలో అంతటితోనూ ఔట్‌పుట్ మారదు. మరో రిజిస్టర్‌లోని గో అనే బిట్‌ను పెడితేనే కొత్త వోల్టేజి వైపు కదలిక మొదలవుతుంది. డేటాషీట్‌ను, అంటే చిప్పు తయారీదారు ఇచ్చే సాంకేతిక వివరణను, పట్టికల వరకే చూసి పక్కన పెట్టినవారికి ఇటువంటి సంగతులు అందవు. వాక్యాలను కూడా చదవాలి, ఆ తరువాత చిప్పు లోపాలను తయారీదారు స్వయంగా ప్రకటించే ఎర్రాటా పత్రాన్ని తప్పక చదవాలి.

కాలం కూడా చిప్పు స్వభావంలో భాగమే, దాని గురించీ నిజమే చెప్పాలి. రిజిస్టర్‌లో విలువ రాసిన క్షణాన వోల్టేజి మారిపోదు, కెపాసిటర్లు నిండాలి. ఒక మైక్రోసెకనుకు ఎన్ని మైక్రోవోల్టుల చొప్పున ఔట్‌పుట్ కదులుతుందో చెప్పే విలువను ర్యాంప్ డిలే అంటారు; ఆ చొప్పు 10000 అనుకుంటే, 250 మిల్లీవోల్టుల మార్పుకు 25 మైక్రోసెకన్లు పడుతుంది, ఫ్రేమ్‌వర్క్ అంతసేపు ఆగి గాని కన్స్యూమర్‌కు పని అయిందని చెప్పదు. ఔట్‌పుట్ వెలిగించినప్పుడు నిలకడకు పట్టే కాలం వేరు, ఆర్పిన తరువాత మళ్లీ వెలిగించడానికి ముందు ఇవ్వవలసిన విరామం వేరు. వీటిని సున్నాగా వదిలేస్తే ప్రయోగశాలలో అన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. కాని వాడుకలో, వోల్టేజి ఎక్కకముందే క్లాక్ పెరిగిన బోర్డులు ఎక్కడో ఒకటి చొప్పున, కారణం అంతుచిక్కకుండా, ఆగిపోతాయి. ఐటూసీ బస్సు మీద లావాదేవీ జరిగేటప్పుడు పిలిచిన కోడు నిద్రావస్థలోకి పోవలసి రావచ్చు కనుక, నిద్రకు వీలులేని ఇంటరప్ట్ సందర్భాల నుంచి ఈ ఫంక్షన్లను పిలవకూడదన్న నియమం కూడా దీనితోనే గుర్తుంచుకోదగినది.

ఒకే ఔట్‌పుట్‌ను పలు పరికరాలు పంచుకోవడం బోర్డుల్లో మామూలు. ఉమ్మడి ఇంట్లో ఒకరు పడుకోబోతూ ఇంటి మెయిన్ స్విచ్ కట్టేయనట్టే, ఒక కన్స్యూమర్ తన పని ముగిసిందన్నంత మాత్రాన ఔట్‌పుట్ ఆరకూడదు. అందుకని ఎందరు వెలిగించారో ఫ్రేమ్‌వర్క్ లెక్కపెట్టి, చివరివారు విడిచిన తరువాతే డ్రైవర్‌ను ఆర్పమంటుంది. ఈ లెక్క డ్రైవర్‌లో మళ్లీ పెట్టకూడదు. వెలిగి ఉందా అని అడిగినప్పుడు సొంత జ్ఞాపకం నుంచి కాక చిప్పు నుంచే చదివి చెప్పాలి, ఎందుకంటే బూట్‌లోడర్ వెలిగించి వదిలినవి, ఏదైనా రక్షణ సర్క్యూట్ ఆర్పివేసినవి డ్రైవర్‌కు తెలియకుండానే జరిగి ఉంటాయి. ఎల్‌డీవోకు బక్ సరఫరా ఇస్తున్నప్పుడు ఆ బంధుత్వాన్ని వర్ణనలో చెబితే, ఫ్రేమ్‌వర్క్ ముందు బక్‌ను వెలిగించి తరువాత ఎల్‌డీవోను వెలిగిస్తుంది. బోర్డు వర్ణనలో సరఫరా ఏదీ చెప్పని పరికరానికి ఫ్రేమ్‌వర్క్ ఒక ఉత్తుత్తి రెగ్యులేటర్‌ను ఇచ్చి పని గడుపుతుంది. సరఫరా ఉండీ లేకుండా పోయే పరికరాలకు ఐచ్ఛికంగా అడిగే ఫంక్షన్ వేరుగా ఉంది, దానిని నిజంగా ఐచ్ఛికమైన చోటే వాడాలి.

కరెంటు రెగ్యులేటర్ల సంగతి కొంత భిన్నమైనది. ఎల్‌ఈడీల వెలుగు వాటి గుండా పోయే కరెంటును బట్టి ఉంటుంది కనుక, బ్యాక్‌లైట్లకు కరెంటును నిలిపి ఉంచే సర్క్యూట్లు అవసరం. వుల్ఫ్‌సన్ డబ్ల్యూఎం8350 చిప్పులోని కరెంటు సింకులకు డ్రైవర్‌లో ఇచ్చిన పట్టిక 4 మైక్రోయాంపియర్లతో మొదలై 223191 మైక్రోయాంపియర్ల దాకా 64 మెట్లలో, ప్రతి నాలుగు మెట్లకూ సుమారు రెట్టింపవుతూ పోతుంది. కంటికి వెలుగు తేడా నిష్పత్తులలోనే తెలుస్తుంది కాబట్టి ఈ అమరిక సబబైనది. మరో ఉపయోగం హద్దు విధించడం: యూఎస్‌బీ 2.0 నియమాల ప్రకారం పరికరం కాన్ఫిగర్ కాకముందు 100 మిల్లీయాంపియర్లకూ, ఆ తరువాత గరిష్ఠంగా 500కూ లోబడి ఉండాలి. ఇంకా, ఏ కన్స్యూమర్ ఎంత కరెంటు లాగబోతుందో ముందే చెబితే, ఫ్రేమ్‌వర్క్ మొత్తం కూడి, బక్‌ను తక్కువ లోడ్‌కు అనువైన పొదుపు పద్ధతిలో ఉంచాలో, ఎక్కువ లోడ్‌ను తట్టుకునే పద్ధతిలో ఉంచాలో నిర్ణయించగలదు. ఏ లోడ్‌కు ఏ పద్ధతి తగినదో డేటాషీట్ నుంచి తీసి చెప్పడమే ఇక్కడ డ్రైవర్ వంతు.

లోపాలను తెలపడంలో డ్రైవర్ నిజాయితీకి అసలు పరీక్ష ఎదురవుతుంది. ఓవర్ కరెంటు, అండర్ వోల్టేజి, అధిక వేడి వంటి స్థితులను చిప్పు ఇంటరప్ట్ ద్వారా తెలిపితే, డ్రైవర్ వాటిని కన్స్యూమర్లకు చేరవేయాలి. వీటిలో మూడు అంతస్తులు ఉన్నాయి: పరిస్థితి బాగాలేదని ముందే చెప్పే హెచ్చరిక, పని ఇక నమ్మదగినది కాదని చెప్పే లోపం, ఎవరినీ అడగకుండా చిప్పే ఔట్‌పుట్‌ను ఆర్పివేసే రక్షణ. కొన్ని చిప్పులు లోపం ఉన్నంతసేపూ ఇంటరప్ట్ లైన్‌ను పట్టుకునే ఉంటాయి. అప్పుడు ప్రాసెసర్ ఆ ఒక్క ఇంటరప్ట్‌కు జవాబు చెప్పడంలోనే మునిగిపోతుంది. ఆ ఇంటరప్ట్‌ను కొంతసేపు మూసి, స్థితిని మళ్లీ చూసి, తిరిగి తెరిచే సహాయక కోడు 2021లో ఫ్రేమ్‌వర్క్‌లోనే చేరింది కనుక దానిని ప్రతి డ్రైవర్‌లోనూ కొత్తగా అల్లనక్కరలేదు. ఐటూసీ మీద రాత విఫలమైతే వచ్చిన ఎర్రర్ కోడును అలాగే పైకి పంపాలి. మింగివేసిన ఎర్రర్ వల్ల కన్స్యూమర్ లేని వోల్టేజిని ఉందని నమ్మి క్లాక్ పెంచుతుంది.

బోర్డు వర్ణన రాసే భాషను డివైస్ ట్రీ అంటారు. బోర్డు మీద ఏమేమి ఉన్నాయో, ఏది దేనికి కలిసి ఉందో చెప్పే, కోడుకు బయట ఉండే పత్రం అది. ఔట్‌పుట్‌ను ఎప్పుడూ వెలిగి ఉంచాలన్న గుర్తు ఒకటి, బూట్ సమయానికే వెలిగి ఉందన్న గుర్తు మరొకటి అందులో ఉన్నాయి. ఎవరూ అడగని ఔట్‌పుట్లను, అనుమతి ఉంటే, బూట్ అయిన సుమారు 30 సెకన్ల తరువాత ఫ్రేమ్‌వర్క్ ఆర్పివేస్తుంది. ఆ క్షణాన ఏదైనా పరికరం చచ్చుబడితే, దాని డ్రైవర్ తన సరఫరాను అడగడం లేదని అర్థం. ఎప్పుడూ వెలిగి ఉంచమన్న గుర్తును తగిలించి ఆ లోపాన్ని కప్పిపుచ్చడం సులువు, కాని ఆ తరువాత బ్యాటరీ ఎందుకు త్వరగా అయిపోతోందో వెదకడం కష్టం. ఇంకో సంగతి: పాత డివైస్ ట్రీతో కొత్త కెర్నెల్ నడవాలన్నది కెర్నెల్ సమాజంలో గౌరవించే నియమం కనుక, డివైస్ ట్రీలో ఒకసారి చేర్చిన పేరు దాదాపు శాశ్వతం. డ్రైవర్ కోడును రేపు దిద్దుకోవచ్చు, ఆ పేర్లను మాత్రం ఇవాళే ఆలోచించి పెట్టాలి.

పరీక్షలో కెర్నెల్ చెప్పే మాటను మల్టీమీటర్ చెప్పే మాటతో పోల్చి చూడాలి. డీబగ్ ఫైళ్లలో రెగ్యులేటర్ల సారాంశం ఉంటుంది. ఏ ఔట్‌పుట్ ఎవరి కింద ఉంది, ఎందరు వాడుతున్నారు, ఎంత వోల్టేజి ఉంది అన్నవి చెట్టులాగా అందులో కనిపిస్తాయి. పరీక్షల కోసమే ఉద్దేశించిన వర్చువల్ కన్స్యూమర్ సాయంతో, సున్నితమైన భాగాలేవీ తగిలించని ఔట్‌పుట్ మీద, ప్రతి సెలెక్టర్‌నూ పెట్టి కొలవాలి. శ్రేణి మారే చోట్లు, టీపీఎస్65217లో 24, 25ల మధ్య, 52, 53ల మధ్య ఉన్నటువంటివి, మరింత శ్రద్ధగా చూడాలి, ఎందుకంటే ఒక్క మెట్టు లెక్క తప్పడం అక్కడే ఎక్కువ. ర్యాంప్ కాలాన్ని ఆసిల్లోస్కోప్ మీదే నిర్ధారించుకోవాలి. సస్పెండ్ అయి లేచిన తరువాత, మాడ్యూల్‌ను తీసి మళ్లీ ఎక్కించిన తరువాత కూడా అవే కొలతలు రావాలి.

డ్రైవర్ రాయడానికి నెలలు చాలు, దానిని నిలబెట్టుకోవడం ఏళ్ల పని. కెర్నెల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లకు స్థిరత్వ హామీ లేదు. 9, 10 వారాలకొకసారి కొత్త విడుదల వస్తుంది, ప్రతి విడుదలలోనూ ఏదో ఒకటి మారుతుంది. ప్రధాన కెర్నెల్‌లో చేరిన డ్రైవర్లను ఆ మార్పు చేసినవారే సర్దుతారు. బయట ఉంచుకున్న డ్రైవర్‌కు ఆ భారమంతా సొంతవారి మీదే పడుతుంది. 2020లో వోల్టేజి శ్రేణులను వర్ణించే నిర్మాణాన్ని, బ్యాటరీ ఛార్జర్ల వంటి ఇతర డ్రైవర్లకూ పనికివస్తుందని, రెగ్యులేటర్ ఫ్రేమ్‌వర్క్ నుంచి కెర్నెల్ ఉమ్మడి లైబ్రరీలోకి తరలించినప్పుడు లోపల ఉన్న డ్రైవర్లన్నీ దానితోపాటే మారాయి. అందుచేత సంస్థలో పెద్దలు వీలు లేదనేంతవరకు ప్రధాన కెర్నెల్‌లో చేర్చడాన్నే గమ్యంగా పెట్టుకోవాలి. ఒక ప్యాచ్‌లో, అంటే పరిశీలనకు పంపే ఒక మార్పులో, ఒకే ఆలోచన ఉండాలి. ఏమి మారిందో కోడు చెబుతుంది కనుక, ఎందుకు మారవలసి వచ్చిందో వివరణలో చెప్పాలి. ఏ పాత కమిట్ తెచ్చిన లోపాన్ని సరిదిద్దుతోందో ఫిక్సెస్ గుర్తుతో తెలిపితే, పాత స్థిర విడుదలలను చూసుకునేవారు ఆ దిద్దుబాటును వెనక్కి చేర్చుకోగలరు. రాసిన కోడును ఇచ్చే హక్కు తనకు ఉందని తెలిపే సంతకం ప్రతి ప్యాచ్ కింద ఉండాలి.

పరిశీలకుల మాటలు పొడిగా ఉండవచ్చు; వాటిలో మర్యాద కొరతను వెదకడం కన్నా విషయాన్ని వెదకడం లాభదాయకం. రెగ్యులేటర్ డ్రైవర్ల మీద వచ్చే అభ్యంతరాలలో చాలా వాటి సారం ఈ లేఖ మొదట్లో చెప్పిన సూత్రమే: డ్రైవర్ మొదలవుతూనే తనంతట తాను వోల్టేజి పెట్టడం ఎందుకు, ఒక బోర్డు హద్దును కోడులో రాయడం ఎందుకు, సిద్ధ ఫంక్షన్ ఉండగా సొంతది ఎందుకు. ఈ మూడు ప్రశ్నలనూ ప్యాచ్ పంపేముందు తనకు తానే వేసుకున్నవారికి రెండో, మూడో విడత దిద్దుబాట్లతో పని ముగుస్తుంది. మెయింటెయినర్‌గా, అంటే ఆ డ్రైవర్ బాగోగులకు జవాబుదారీగా, పేరు నమోదైన తరువాత పాత్రలు మారతాయి; ఇతరుల బోర్డుల మీద వచ్చిన ఫిర్యాదులను చదవవలసి వస్తుంది, తన దగ్గర లేని హార్డ్‌వేర్ గురించి నిర్ణయించవలసి వస్తుంది. అప్పుడు డేటాషీట్ ఏ సంచికను, చిప్పు ఏ రివిజన్‌ను ఆధారం చేసుకుని ఏ అంకె రాశారో కమిట్ వివరణల్లో ఉంటే, అయిదేళ్ల తరువాత వచ్చిన ప్రశ్నకూ జవాబు చెప్పవచ్చు.

పని మొదలుపెట్టడానికి ఒక క్రమం ఈ విధంగా ఉంటే బాగుంటుంది: మొదటి వారం డేటాషీట్‌నూ ఎర్రాటానూ పూర్తిగా చదివి ప్రతి ఔట్‌పుట్‌కూ శ్రేణులు, కాలాలు, లోపాల గుర్తులు కాగితం మీద పట్టికగా వేసుకోవడం, తరువాత అటువంటి చిప్పుకే ప్రధాన కెర్నెల్‌లో ఉన్న రెండు, మూడు డ్రైవర్లను వాటి మార్పుల చరిత్రతో సహా చదవడం, ఆపైన ఒక్క ఎల్‌డీవోను మాత్రమే నడిపే చిన్న డ్రైవర్ రాసి మీటర్‌తో సరిచూసుకోవడం, మిగిలిన ఔట్‌పుట్లను, ఆ తరువాత ఇంటరప్టులను, సస్పెండ్‌ను ఒక్కొక్క ప్యాచ్‌గా చేర్చడం. పట్టికలో ఖాళీగా మిగిలిన గడికి ఊహించిన అంకె వేయకుండా చిప్పు తయారీదారును అడిగి నింపుకోవడం ఈ క్రమమంతటిలోనూ విడవకూడని నియమం. మేనకోడలు ఈ పనిని ఓపికతో సాధించి, తన పేరు చూసి ఇతరులు ఆ డ్రైవర్‌ను నమ్మేంత నేర్పు సంపాదించుకోవాలని ఆశీర్వదిస్తూ,

ఇట్లు,
శుభాకాంక్షలతో
మేనమామ